దుబాయి పోయే ముందు కాగితం చదువుదాం

మన ఊళ్లల్లో "దుబాయి పోయిండు" అంటాం. మస్కట్ పోయినా దుబాయే అంటాం. సౌదీ పోయినా దుబాయే అంటాం. కానీ దుబాయి ఒక పట్నం పేరు. అది అరబ్ ఎమిరేట్స్ అనే దేశంలో ఉంది. మస్కట్ కూడా పట్నమే. అది ఒమన్ దేశానికి రాజధాని.

మన వాళ్లు ఎక్కువగా పోయే దేశాలు ఆరు. సౌదీ అరేబియా, అరబ్ ఎమిరేట్స్, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్. ఇవన్నీ గల్ఫ్ అనే సముద్రపు పాయ దగ్గర ఉన్నాయి. అందుకే వీటిని గల్ఫ్ దేశాలు అంటారు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ, నిర్మల్, ఖానాపూర్, లక్షెట్టిపేట. ఈ దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్ పోయినోళ్ల ఇండ్లు కనబడతాయి. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చాలా ముక్కలయ్యాయి. జిల్లాల పేర్లు మారాయి. గల్ఫ్ పోవుడు మాత్రం ఆగలేదు.

మన దిక్కు నుంచి పోయేది ఎక్కువగా మగవాళ్లు. ఇక్కడ ఉండి అప్పు మోసేది ఆడవాళ్లు. అప్పు పుట్టినప్పుడు మనం వేలిముద్ర వేశాం. పుస్తెలతాడు కుదువ పెట్టినప్పుడు కూడా మనల్ని అడిగారు. కాగితం చదివే వేళకు మాత్రం మనల్ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. కాబట్టి ఆ కాగితాల సంగతి తెలుసుకుందాం.

అక్కడ అంత పని ఎందుకు ఉంది?

గల్ఫ్ దేశాల్లో చాలా భూమి ఎడారి. ఎటు చూసినా ఇసుక. వానలు తక్కువ, పంటలు తక్కువ. కానీ ఆ భూమి లోపల నూనె ఉంది. మోటరుసైకిలులో పోసే పెట్రోలు, ట్రాక్టరులో పోసే డీజిలు, దీపంలో పోసే గ్యాసునూనె అన్నీ ఆ నూనె నుంచే తీస్తారు.

బహ్రెయిన్‌లో 1932లో నూనె పడింది. సౌదీలో, కువైట్‌లో 1938లో పడింది. 1973, 1974 సంవత్సరాల్లో ఆ నూనె ధర నాలుగింతలు అయింది. ఆ దేశాలకు పైసలు వరదలెక్క వచ్చాయి. రోడ్లు, ఓడరేవులు, దవాఖానలు, పెద్ద పెద్ద భవనాలు కట్టాలనుకున్నారు. కట్టడానికి మనుషులు కావాలి. అక్కడ జనం తక్కువ. అందుకే మన దేశం నుంచి, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, ఫిలిప్పీన్స్ దేశాల నుంచి పనివాళ్లను పిలిచారు.

ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. వాళ్లు పిలిచింది పనికి. ఉండిపోవడానికి కాదు. వీసా ఉన్నన్ని రోజులే అక్కడ ఉండాలి. వీసా అయిపోతే తిరిగి రావాల్సిందే.

మన వాళ్లు ఎందుకు పోయారు?

మనది మెట్ట ప్రాంతం. వాన పడితే పంట, లేకుంటే లేదు. చెరువులు పూడిపోయాయి. బావులు ఎండాయి. బోరు మీద బోరు వేసి రైతులు అప్పుల పాలయ్యారు. సాలెవాళ్ల మగ్గాలకు పని తగ్గింది. వాళ్లు బొంబాయి, భీవండి, షోలాపూర్, సూరత్ వలసపోయారు. అప్పట్లో గల్ఫ్ పోవాలన్నా బొంబాయి మీదనుంచే పోవాలి. ఏజెంట్లు అక్కడే ఉండేవారు. బొంబాయి పోయినవాళ్లు మెల్లగా గల్ఫ్ దారి పట్టారు.

ఇంకో కారణం కూడా ఉంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలీలు, పేద రైతులు దొరల వెట్టికి ఎదురు తిరిగారు. ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు వచ్చాయి. ఊళ్లో ఉంటే కేసులు తప్పవని చాలామంది పడుచువాళ్లు ఊరు విడిచారు. కొందరు బొంబాయి చేరారు. కొందరు అక్కడి నుంచి గల్ఫ్ చేరారు.

గల్ఫ్ పైసలతో బాగుపడ్డ ఇండ్లు ఉన్నాయి. పెంకుటిల్లు పోయి డాబా లేచింది. బిడ్డ లగ్గమైంది. కొడుకు కాలేజీకి పోయాడు. అది కాదనలేం. కానీ పోయిన ప్రతి ఒక్కరికీ అట్లా కాలేదు. ఎందుకు కాలేదు? లెక్క వేస్తే తెలుస్తుంది.

లెక్క వేద్దాం

ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన అరబ్ ఎమిరేట్స్ పోయాడు. ఏజెంటుకు 1,50,000 రూపాయలు కట్టారు. అది నూటికి 2 రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. అంటే నెలకు 3,000 రూపాయల మిత్తి.

అక్కడి రూపాయిని దిర్హం అంటారు. ఒక దిర్హంకు మన 23 రూపాయలు అనుకుందాం. ఆయన జీతం నెలకు 900 దిర్హంలు. తిండికి 300 పోతాయి. ఫోనుకు, సబ్బుకు, ఇతర ఖర్చులకు 100 పోతాయి. మిగిలేది 500 దిర్హంలు. మన లెక్కలో 11,500 రూపాయలు.

ఆ 11,500లో ఇల్లు గడవడానికి 5,000 తీశాం. మిగిలింది 6,500. అందులో మొదటి నెల మిత్తికే 3,000 పోతుంది. అసలుకు పోయేది 3,500.

ఇట్లా కట్టుకుంటూ పోతే అప్పు తీరడానికి 32 నెలలు పడుతుంది. అంటే రెండేండ్ల ఎనిమిది నెలలు. చాలా వీసాలు రెండేండ్లవే. వీసా అయిపోయినా అప్పు అయిపోదు. అదే మిత్తి నూటికి 3 రూపాయలైతే 40 నెలలు పడుతుంది.

ఈ నడుమ ఒక్క నెల జీతం రాకపోతే? ఆయనకు జ్వరం వస్తే? అప్పుడు మనం బీడీలు చేసి, కైకిలి పోయి మిత్తి కడతాం. కట్టేది మనమైనప్పుడు లెక్క కూడా మనమే వెయ్యాలి. అప్పు తేకముందే వెయ్యాలి.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి?

విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం మన దేశంలో 1983లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. లైసెన్సుకు ఒక నంబరు ఉంటుంది.

ఏజెంటు తీసుకునే చార్జీకి హద్దు ఉంది. అది 30,000 రూపాయలు. దాని మీద జీఎస్టీ పన్ను 5,400. మొత్తం 35,400 రూపాయలు. అంతకు మించి తీసుకోవద్దు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి.

ఇందాకటి లెక్క మళ్లీ వేద్దాం. అప్పు 35,400 రూపాయలే అయితే, అదే 2 రూపాయల మిత్తితో, అదే 6,500 కడితే, ఆరు నెలల్లో తీరిపోతుంది. ఒక దిక్కు 32 నెలలు, ఒక దిక్కు 6 నెలలు. నడుమ ఉన్న 26 నెలల కష్టం ఎవరి జేబులోకి పోయింది? ఆలోచించండి.

మన ఊళ్లకు వచ్చేది ఎక్కువగా అసలు ఏజెంటు కాదు. అతని కింద తిరిగే మనిషి. ఒక్కోసారి మన చుట్టమే అయి ఉంటాడు.

"అక్కా, అన్నీ నేను చూసుకుంట. నువ్వు పైసలు తయారు చెయ్యి. వారం రోజుల్ల బావను విమానం ఎక్కిస్త" అంటాడు.

"మంచిది తమ్మీ. నీ లైసెన్సు నంబరు చెప్పు. పుస్తకంల రాసుకుంట. పైసలకు రసీదు ఇయ్యి" అని మనం అడగాలి.

"నా మీద నమ్మకం లేదా అక్కా?" అంటాడు.

"నమ్మకం ఉంది తమ్మీ. రాసుకుంటే ఇద్దరికీ మంచిది" అనాలి.

మంచివాడైతే నంబరు చెబుతాడు. కోపం చేసి పోతే పోనీయండి. మన పైసలు మన దగ్గరే ఉంటాయి. లైసెన్సు నిజమో కాదో ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ అనే వెబ్‌సైటులో చూడొచ్చు. ఫోను వాడే పిల్లలు చూసి చెబుతారు.

తెలంగాణ ప్రభుత్వానికి సొంతంగా ఒక సంస్థ ఉంది. దాని పేరు టామ్‌కామ్. హైదరాబాద్‌లో ఉంది. విదేశాల్లో పనులకు అది కూడా మనుషులను పంపుతుంది. ముందు అక్కడ అడిగి చూడటం మంచిది.

చూడాల్సిన నాలుగు కాగితాలు

ఈ కాగితాలు తెలుగులో ఉండవు. ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంటాయి. అయినా భయపడొద్దు. అంకెలు మనకు వచ్చు. తేదీలు, జీతం, నంబర్లు మనమే చదవగలం. మిగతాది ఊరి బడి పంతులుతోనో, కాలేజీకి పోయే పిల్లలతోనో చదివించుకోవాలి. వాళ్లు చదువుతుంటే మనం తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి.

ఒకటి, పాస్‌పోర్టు. ఇది మన దేశం ఇచ్చే గుర్తింపు. దాని నంబరులో ఒక ఇంగ్లీషు అక్షరం, ఏడు అంకెలు ఉంటాయి. పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉన్నాయా చూడాలి. గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. దాన్ని ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అంటారు. అది ఇచ్చే ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఆ అనుమతి మనకు అడ్డం కాదు, అండ. ఎవరు ఎక్కడ, ఏ కంపెనీలో, ఎంత జీతానికి పోయారో ప్రభుత్వం దగ్గర రాసి ఉంటుంది.

రెండు, వీసా. ఇది ఆ దేశంలోకి రానిచ్చే కాగితం. అది పని వీసానా, విజిట్ వీసానా చూడాలి. విజిట్ వీసా అంటే చూసి వచ్చే వీసా. దాని మీద పని చేస్తే నేరం. "ముందు విజిట్ మీద పో, అక్కడ మార్పిస్తం" అంటే ఒప్పుకోవద్దు. "ఆజాద్ వీసా" అని ఇంకోటి చెబుతారు. ఎక్కడైనా పని చేసుకోవచ్చు అంటారు. చట్టంలో అసలు ఆ పేరుతో వీసా లేదు. వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. కఫీల్ దగ్గర కాకుండా వేరే చోట పని చేస్తూ దొరికితే జైలు, లేదా ఇంటికి పంపుడే.

మూడు, ఒప్పందం. పని ఏమిటి, జీతం ఎంత, రోజుకు ఎన్ని గంటలు, తిండి ఎవరిది, గది ఎవరిది, టికెట్ ఎవరిది, సెలవు ఎప్పుడు అన్నీ ఇందులో ఉంటాయి. ఏజెంటు నోటితో 1,500 అంటాడు. కాగితంలో 900 ఉంటుంది. మిగతాది ఓవర్‌టైము చేస్తే వస్తుందట. నోటి మాట చెల్లదు. కాగితంలో ఉన్నదే చెల్లుతుంది. అక్కడ దిగినాక ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టమని కూడా అంటారు. అందుకే మొదటి ఒప్పందం నకలు మన ఇంట్లో ఉండాలి.

నాలుగు, బీమా కాగితం. దీని పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. క్లియరెన్స్ తీసుకునేవాళ్లకు ఇది తప్పనిసరి. 2017లో దీని ధర రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు అని పెట్టారు. పన్ను వేరే. పోయినాయన ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా అయినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పైసలు ఎవరికి రావాలో వాళ్ల పేరు రాయాలి. ఆ పేరు మనదేనా చూడాలి. గడువు అయిపోయేలోగా మళ్లీ కట్టించాలి.

కాగితం లేకుంటే ఏమవుతుంది?

పని బాగాలేదని, జీతం ఇవ్వలేదని కంపెనీ విడిచి పారిపోయినవాళ్లను అక్కడ "ఖల్లివెల్లి" అంటారు. వాళ్లకు కాగితాలు ఉండవు. రోగమొస్తే దవాఖానకు పోవడానికి భయం. పోలీసు కనబడితే భయం. తల్లి పోయినా ఊరికి రాలేరు.

అప్పుడప్పుడు ఆ దేశాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. అంటే కాగితాలు లేనివాళ్లు జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. అరబ్ ఎమిరేట్స్ 2007లో, 2018లో, 2024లో ఇట్లా ప్రకటించింది. సౌదీ 2013లో ప్రకటించింది. ఆ విమానాల్లో మన జిల్లాలవాళ్లు చాలామంది తిరిగొచ్చారు. ఉత్త చేతులతో వచ్చినవాళ్లు ఎక్కువ.

కాగితాలు సరిగా ఉన్నా కష్టం రావచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పుడు మన ప్రభుత్వం సుమారు 1,70,000 మందిని విమానాల్లో తీసుకొచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు పనులు ఆగాయి. జీతాల బాకీ వదులుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. అట్లాంటప్పుడు మన మనిషి ఎక్కడున్నాడో, ఏ కంపెనీనో చెప్పగలిగిన ఇల్లు ముందు సాయం అందుకుంటుంది.

కష్టం వస్తే ఎవరికి చెప్పాలి?

ప్రతి గల్ఫ్ దేశంలో మన దేశపు ఆఫీసు ఉంది. దాన్ని ఎంబసీ అంటారు. సౌదీలో రియాద్‌లో, కువైట్‌లో కువైట్ పట్నంలో, ఖతార్‌లో దోహాలో, ఒమన్‌లో మస్కట్‌లో, బహ్రెయిన్‌లో మనామాలో ఉంది. అరబ్ ఎమిరేట్స్‌లో అబుదాబిలో ఉంది. దుబాయిలో, సౌదీలోని జెద్దాలో కూడా మన కాన్సులేట్ ఆఫీసులు ఉన్నాయి. జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు గుంజుకున్నా, కొట్టినా అక్కడ చెప్పాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం ఆ దేశాల్లో చాలా చోట్ల కూడా తప్పే.

ఇక్కడి నుంచి మనం కూడా ఫిర్యాదు చేయొచ్చు. 2015లో మన ప్రభుత్వం "మదద్" అనే వెబ్‌సైటు పెట్టింది. అందులో ఫిర్యాదు రాస్తే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు దాచుకోవాలి. ఏజెంటు మోసం చేస్తే పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వాలి. రసీదు ఉంటే కేసు నిలబడుతుంది. రసీదు లేకుంటే మన మాటే సాక్ష్యం.

చెప్పడానికి నోరు రాని మాట

గల్ఫ్‌లో ఎండ మన రోహిణి కార్తెను మించి ఉంటుంది. అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించవద్దని నియమం ఉంది. ఎండ దెబ్బకు, గుండెపోటుకు, రోడ్డు ప్రమాదానికి మన వాళ్లు చనిపోతున్నారు. శవం ఇంటికి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఆ వేళ ఆఫీసువాళ్లు మొదట అడిగేది పాస్‌పోర్టు నకలు. తర్వాత వీసా నకలు, కంపెనీ పేరు. ఏడుస్తూ వెతికితే దొరకవు. ముందే పెట్టెలో ఉండాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని అందులో ఉంది. దరఖాస్తు జిల్లా కలెక్టరుకు పెట్టాలి. ఆలస్యం చేయొద్దు. బీమా పైసలు దీనికి వేరే.

ఆడవాళ్లు పోతే?

ఇంటి పనికి, వంట పనికి ఆడవాళ్లు కూడా పోతారు. మన దిక్కు తక్కువ. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువ. పది పాస్ కాని ఆడవాళ్లకు 30 ఏండ్లు నిండాలి. 2016 నుంచి వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం వచ్చింది. ప్రైవేటు ఏజెంటు "నేను పంపిస్త" అంటే నమ్మొద్దు. వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తానంటే అసలే ఒప్పుకోవద్దు.

మన పెట్టెలో ఏమేమి ఉండాలి?

పాస్‌పోర్టు నకలు. వీసా నకలు. ఒప్పందం నకలు. బీమా కాగితం. ఏజెంటు ఇచ్చిన రసీదు. అప్పు పత్రం నకలు.

నోటు పుస్తకంలో ఇవి రాసుకోవాలి. కంపెనీ పేరు. క్యాంపు ఉన్న జాగ పేరు. ఆయన ఫోను నంబరు. ఆయనతో ఉండే ఇద్దరి ఫోను నంబర్లు. ఏజెంటు లైసెన్సు నంబరు. నెల నెలా ఎంత వచ్చింది, మిత్తికి ఎంత పోయింది, అసలుకు ఎంత పోయింది.

పైసలు మన పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకే పంపమని చెప్పాలి. హుండీ మనిషి చేతికి ఇస్తే రాత ఉండదు. రాత లేని పైసలకు లెక్క ఉండదు.

ఇంటాయన "నీకెందుకు ఇవన్నీ" అనొచ్చు. "నువ్వు అక్కడ పైలంగ ఉండాలంటే ఇక్కడ నా దగ్గర రాసి ఉండాలె" అని చెప్పండి. అది గొడవ మాట కాదు. కాపాడే మాట.

చెప్పండి, రాయండి

1. మీ ఊరి నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఏ ఏ దేశాల్లో ఉన్నారు? దేశాల పేర్లు రాయండి.

2. లక్ష రూపాయల అప్పు, నూటికి 2 రూపాయల మిత్తి. నెలకు మిత్తి ఎంత? ఏడాదికి ఎంత?

3. విజిట్ వీసా మీద పోతే వచ్చే నష్టం ఏమిటి? పక్కన కూర్చున్న అక్కకు చెప్పండి.

4. మీ ఇంట్లో ఎవరన్నా గల్ఫ్‌లో ఉంటే, ఈ రాత్రే పెట్టె తెరవండి. పైన చెప్పిన ఆరు కాగితాల్లో ఎన్ని ఉన్నాయో చూడండి. లేనివాటి పేర్లు రాసుకుని, ఆయన ఫోను చేసినప్పుడు అడగండి.